తెలుగంకె ఓటు

ట్రంకుపెట్టె అడుగున ఉండాల్సిన ఖాకీ బట్టలు రాజారావు ఒంటి మీద కనబడేసరికి వెంకటలక్ష్మి చేతిలో బియ్యం చాట అలాగే ఆగిపోయింది.

పైపుల ఫ్యాక్టరీలో సమ్మె విరిగి, అతన్ని సస్పెండ్ చేసి గేటు బయట నిలబెట్టిన రోజున తనే ఉతికి, మడిచి దాచిన బట్టలవి. మళ్ళీ తీసే రోజు వస్తుందో రాదో అనుకుంటూ దాచింది. ఇప్పుడు తనతో మాట మాత్రం చెప్పకుండా ఎవరో తీశారు.

వంటింట్లో అత్తగారు నాగరత్నం టిఫిన్ డబ్బాలో రొట్టెలు సర్దుతోంది. గిన్నెల చప్పుడులోనే ఆమె సంతోషం తెలిసిపోతోంది.

“ఎక్కడికి?” అంది వెంకటలక్ష్మి.

“ఎక్కడికేంది? డ్యూటీకి.” రాజారావు బొత్తాలు పెట్టుకుంటూ గోడకేసి చూస్తూ అన్నాడు. “పటాన్‌చెరు బస్సు అందుకోవాలె.”

“ఎప్పుడు తీసుకున్నరు?”

“నిన్న పొద్దూకి. నువ్వు మున్సిపాలిటీ మీటింగుల ఉన్నప్పుడు చిన్నరాములు వచ్చిండు. పొద్దుగాల వచ్చి మిషను కాడ నిలబడుమని మేనేజరు చెప్పిండట.”

చిన్నరాములు పేరు వినగానే ఆమెకు ఇక అడగాల్సింది ఏమీ మిగల్లేదు. ఎన్నికల్లో నిలబడ్డ వకీలు రామలింగేశ్వరరావు సంచి మోసేది అతనే, ఆయన మాట మోసేదీ అతనే. అయినా అడిగింది.

“ఏమని ఒప్పుకున్నరు?”

“నేనేం ఒప్పుకోలె. వాళ్ళే తీసుకున్నరు.”

“ఊరికెనే తీసుకున్నరా?”

రాజారావు ఆఖరి బొత్తాం పెట్టుకున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

“ఓటు నాది,” అంది వెంకటలక్ష్మి మెల్లగా.

“ఓటు నీదే. కాదన్ననా? నౌకరి నాది. పొయ్యి మాత్రం ఇద్దరిది.”

“సత్యరాజు సారు నామినేషన్ మీద నేను దస్కత్ పెట్టిన. ఊరంతకు తెలుసు.”

“పెట్టినవ్. అప్పుడు నేను గేటు లోపట ఉన్న. తర్వాత బయట పడ్డ.” అతను ఇటు తిరిగాడు. మొహంలో కోపం లేదు. అదే ఆమెను భయపెట్టింది. “లక్ష్మీ, సమ్మెల నా ఎనక నిలబడ్డోళ్ళు ఒక్కొక్కరే తప్పయిందని మాఫీ రాసిచ్చి లోపటికి పోయిండ్రు. నేను రాసియ్యలె. రాసియ్యద్దని చెప్పింది నువ్వే. నీ మాట విన్న. ఇప్పుడు నా మాట విను.”

నాగరత్నం డబ్బా తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది. “పెద్దల సభనట, చిన్నల సభనట. అండ్ల కూసునేటోళ్ళకు మనతోని ఏం పని బిడ్డా? ఎవరు కూసుంటే మనకేంది? నా కొడుకు ఇన్నొద్దులు అరుగు మీద కూసున్నడు. అది సూసినవా?”

చూసింది. రోజూ చూసింది.

రాజారావు వీధి మలుపు తిరిగేదాకా నాగరత్నం గుమ్మంలోనే నిలబడింది. లోపలికి వస్తూ కోడలి చేతిలోంచి చాట తీసుకుని తనే బియ్యం చెరగడం మొదలుపెట్టింది. ఆ పని ఆమె చేసి చాలా కాలమైంది.

*

శాసనసభకైతే ఊరందరూ ఓట్లేస్తారు. శాసనమండలికి అలా కాదు. ఈ సీటుకు మున్సిపల్ మెంబర్లూ, జిల్లా పరిషత్తు వాళ్ళూ, అలాంటివాళ్ళే ఓటర్లు. జిల్లా మొత్తం కలిపినా ఓ మోస్తరు పెళ్ళిలో పంక్తికి కూర్చునేంతమంది. బి.ఏ. చదివిందని, మాట్లాడగలదని, ఆడవాళ్ళ సీటులో వెంకటలక్ష్మిని మున్సిపాలిటీకి పంపినప్పుడు ఈ ఓటు కూడా తన మెడకు తగులుకుంటుందని ఆమెకు తట్టలేదు.

రామలింగేశ్వరరావు పోయిన ఎన్నికల్లో శాసనసభకు నిలబడి ఓడిపోయాడు. ఈ దారిన మండలిలోకి వెళితే ఉపాధ్యక్షుడి కుర్చీ ఆయనకేనని హైదరాబాదులో మాటయిపోయిందని చెప్పుకుంటున్నారు. ఆయనకు పోటీగా నిలబడింది రిటైరయిన తెలుగు పండితుడు సత్యరాజు. ఆయనకు పార్టీ లేదు, జీపు లేదు.

మధ్యాహ్నం దాటాక చిన్నరాములు వచ్చాడు. చెప్పులు విప్పి, పిలవకుండానే లోపలికొచ్చి పీట లాక్కున్నాడు.

“ఏం మెంబరమ్మా, చాయ్ పొయ్యవా? అన్న డ్యూటీకి పోయిండటగద. తీపి చాయ్ పొయ్యి.”

వెంకటలక్ష్మి కదల్లేదు. నాగరత్నమే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

“రేపు ఓటు. ఎట్ల ఎయ్యాల్నో చెప్పి పొమ్మన్నడు వకీల్ సాబ్.”

“నాకు తెలుసు, ఎట్ల వెయ్యాల్నో.”

“ఎందుకు తెల్వదక్కా, సదువుకున్నదానివి. గందుకే నీ పని సులువైంది.” గడప పక్కన గిన్నెలో ఉన్న ముగ్గుపిండి కొంచెం తీసి నేల మీద పరిచాడు. “ఈ ఎలచ్చన్ల ముద్ర కొట్టుడు ఉండదు. అంకె రాసుడు. ఎవడు ఫస్టు, ఎవడు సెకండు అని అంకె ఎయ్యాలె. అంకె ఎయ్యాలంటే చెయ్యి కావాలె. చెయ్యికో తీరుంటది.”

వెంకటలక్ష్మికి అప్పటికీ అర్థం కాలేదు.

“జోగిపేట దిక్కు మెంబరు ఒకాయన ఉన్నడు. జెర ఇటు అటు ఊగుతున్నడు. ఆయనకు ఉర్దూ అంకెలు ఇచ్చినం. ఇంకొకాయనకు, ఒకటి వకీల్ సాబ్‌కు, రెండు ఆఖరి పేరుకు. ఉత్తుత్తగ ముగ్గురు కాండిడేట్లను నిలబెట్టింది గందుకే. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్తు. లెక్కపెట్టేటప్పుడు బల్ల కాడ మావోళ్ళుంటరు. కాగితం లేపంగనే, ఇది ఫలానా ఆయనది అని తెలుస్తది.” పిండిలో వేలు పెట్టి గుండ్రంగా తిప్పాడు. రాలేదు. చెరిపేశాడు. “నాకు రాదు గాని, నీకు తెలుగంకెలు. వకీల్ సాబ్ పేరు ముందట తెలుగు ఒకటి. మిగతావి ఏస్తే గవి గూడ తెలుగే. జిల్లాల గవి రాసేటోళ్ళు ఇంకెవరున్నరు? మావోళ్ళు కొందరు ఉర్దూ బడి, కొందరు ఇంగ్లీషు అంకెలు.”

“ఓటు రహస్యం కద?”

“రహస్యమే! నీ పేరు ఎవ్వడు సూడడు. అంకెనే సూస్తడు.” తన మాటకు తనే నవ్వుకున్నాడు.

“సారు గూడ బల్ల కాడ కూసుంటడు,” అంది ఆమె. “తెలుగంకె సూస్తే ఆయనకు గూడ తెలుస్తది.”

చిన్నరాములు చాయ్ గ్లాసు అందుకున్నాడు. ఒక్క గుక్క తాగాక అతని నవ్వు కాస్త తగ్గింది.

“తెలుస్తది. ఏం జెయ్యమంటవక్కా? నేను గీసిన గీత కాదిది. తెలుగంకె లేకుంటే వకీల్ సాబ్‌కు తెలుస్తది, ఉంటే సారుకు తెలుస్తది. ఇద్దర్ల ఒకరికి తెల్వకుంట అయితదా?” లేచి చెప్పులు తొడుక్కుంటూ, “అన్న మిషను కాడ నిలబడే ఉన్నడు. జెర గుర్తుంచుకో,” అన్నాడు.

*

చీకటి పడకముందే తిరిగి రావాలనుకుంటూ ఆమె చర్చి మిషన్ కాంపౌండులో సారు ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా చెప్పాల్సిన మాట కూర్చుకుంది. “సార్, నా ఓటు మీకు కాదు.” అంతే. అంతకంటే ఒక్క మాట ఎక్కువ వద్దు.

సత్యరాజు గోదావరి వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడి మిషన్ బడిలో స్థిరపడినవాడు. పోయినేడు ప్రత్యేక తెలంగాణ గడబిడల్లో కూడా ఆయన గుమ్మం మీద ఎవరూ రాయి వెయ్యలేదు. వెంకటలక్ష్మికి అక్షరాలు దిద్దించింది ఆయనే. పద్యాలకు వరస సంఖ్య తెలుగంకెల్లోనే వెయ్యాలని పట్టుబట్టేవాడు. ఎవరైనా ఇంగ్లీషు అంకె వేస్తే పలక చేతికిచ్చి మళ్ళీ రాయించేవాడు.

“రామ్మా, రా,” అన్నాడు వరండాలోంచి. “నీ సంగతే అనుకుంటున్నాం. రాజారావును పనిలోకి తీసుకున్నారటగా? చాలా సంతోషం.”

ఆయన భార్య మార్తమ్మ ఆకుకూర తుంచుతోంది. తలెత్తలేదు. “ఉద్యోగం ఊరికే ఇచ్చారా అమ్మా?” అంది.

“మార్తా.”

“అడిగితే తప్పేముంది? రేపు పోలింగు, ఇవాళ ఉద్యోగం. నాకు లెక్కలు రావు గానీ, ఈమాత్రం తెలుస్తుంది.”

సత్యరాజు ఏమీ విననట్టు కుర్చీ జరిపాడు. “నేను గెలవననుకో. ఆ సంగతి నాకూ తెలుసు. కానీ పటాన్‌చెరు దారిలో చూడు, ఎవరి పొలాల్లో ఆ ఫ్యాక్టరీ షెడ్లు లేచాయో వాళ్ళే గేటు బయట కూలికి నిలబడుతున్నారు. ఆ సభలో ఎవరో ఒకరు లేచి ఎందుకిలా అని అడగాలి కదమ్మా. అడిగేవాడు ఉన్నాడని పది కాగితాల మీదైనా కనబడితే చాలు.”

వెంకటలక్ష్మి మార్తమ్మ వేళ్ళనే చూస్తూ కూర్చుంది. కాడ ఒక పక్కకు, ఆకు ఒక పక్కకు పడుతున్నాయి.

“ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు?” అన్నాడాయన.

“ఏం లేదు సార్. ఊరికెనే వచ్చిన.”

మార్తమ్మ చేతులు ఆగాయి. మొదటిసారి తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకుంది వెంకటలక్ష్మి. కోపం కాదు, జాలి. తను గబగబా లేచి వచ్చేసింది.

*

మర్నాడు ఓటు కాగితం, ఊదారంగు పెన్సిలు చేతికిచ్చి తెర వెనక్కి పొమ్మన్నారు.

అయిదు పేర్లు. నాలుగోది సత్యరాజు. రెండోది రామలింగేశ్వరరావు.

తెర అవతల ఎవరో దగ్గారు. ఇంట్లో రాత్రంతా ఆలోచించినా తెగని విషయం ఇక్కడ నిలబడితే తెగుతుందా? ఇంగ్లీషు అంకె వేసి సారుకిస్తే తెలుగంకె ఎక్కడని వాళ్ళడుగుతారు. ఏమీ రాయకుండా మడిచి వేసినా అదే అడుగుతారు. ఇంత చిన్న కాగితంలో దాక్కోవడానికి చోటే లేదు.

ఆమె చెయ్యి రెండో పేరు ఎదుట ఆగింది. గుండ్రంగా తిరిగి, కలవకుండానే ఆగిపోయే ఆ ఒకటిని రాసింది. చిన్నప్పుడు పలక మీద రాసినంత శుభ్రంగా వచ్చింది. అదొక్కటే ఆమె సహించలేకపోయింది.

సాయంత్రం రాజారావు అడిగాడు. “రాసినవా?”

“రాసిన.”

అన్నం తింటూ అతను మధ్యలో ఒకసారి ఆమె కంచంలోకి చూసి, “తిను,” అన్నాడు.

*

ఓట్లు లెక్కపెట్టిన రోజు మధ్యాహ్నమే రాజారావు తిరిగొచ్చాడు. షిఫ్టు దిగే వేళ కాదు. చేతిలో టిఫిన్ డబ్బా బరువుగానే ఉంది.

“ఏమైంది బిడ్డా?” అంటూ నాగరత్నం ఎదురొచ్చింది.

తల్లిని దాటి అతను భార్య ముందుకొచ్చి నిలబడ్డాడు. “ఏం రాసినవ్?”

“మీరు చెప్పిందే.”

“అబద్ధం చెప్పకు. మిషను కాడ ఉంటె పిలిచిండ్రు. వకీల్ సాబ్ ఫోన్ చేసిండట. ఇగ రావద్దన్నరు.”

“ఆయన ఓడిపోయిండా?”

“గెలిచిండు!” గుమ్మంలోంచి చిన్నరాములు గొంతు వినబడింది. రొప్పుతున్నాడు. కొత్త దండల పూరేకలు అతని భుజం మీద ఇంకా అంటుకునే ఉన్నాయి. “దండిగ గెలిచిండు. నీ ఓటు లేకున్నా గెలుస్తుండె. గందుకే ఎక్కువ కోపానికొచ్చిండు. గింత చిన్న పని, గది గూడ మెంబరమ్మ చెయ్యలే అన్నడు.”

“నేను వేసిన. తెలుగు ఒకటి వేసిన.”

“వేసినవ్. ఎవరికి?” చిన్నరాములు రెండు వేళ్ళు చూపించాడు. “రెండు కాగితాలున్నయ్ తెలుగంకెలవి. ఒకటి మా కట్టల వచ్చింది. ఒకటి సారు కట్టల వచ్చింది. మేము ఇదేందిరా అని పరేషాన్ల ఉన్నం. గంతల సారే లేచి నిలబడ్డడు. తన కాగితం సూసుకుంట, కండ్లల్ల నీళ్ళు పెట్టుకుంట, ‘ఇది మా వెంకటలక్ష్మి రాత’ అన్నడు. అందరు విన్నరు. వకీల్ సాబ్ విన్నడు.”

వెంకటలక్ష్మి అతని రెండు వేళ్ళనే చూసింది.

“మీ కట్టలది మరి ఎవరిది?” అంది, తనలో తను అనుకుంటున్నట్టు.

“గదే నన్ను అడిగిండు వకీల్ సాబ్. ఎవడో మావోడే సోకుకు రాసిండనుకున్నం. సారు నోట్ల నీ పేరొచ్చినంక ఇగ అడిగేదేముంది?”

ఆ మాట అయీ కాకముందే వాకిట్లో గొడుగు మూసిన చప్పుడైంది. సత్యరాజు. ఎండలో నడిచొచ్చినట్టున్నాడు, మొహమంతా చెమట. ఇంతమంది మనుషులున్నారని చూసుకోకుండానే మాట్లాడుతున్నాడు.

“అమ్మా వెంకటలక్ష్మీ! ఓడిపోయాను. మహా గొప్పగా ఓడిపోయాను. అయినా నువ్వు రాసిన ఆ ఒకటి చూశానమ్మా, చాలు. నేను నేర్పిన ఒకటి నాకు తెలియదా?” చెమట తుడుచుకున్నాడు. “వకీలు గారి కట్టలోనూ ఒకటి కనబడింది. ఎవరిదో పాపం. ఎవరైతేనేం, నా దగ్గర నేర్చినవాళ్ళే. వాళ్ళ ఇబ్బందులు వాళ్ళకుంటాయి. నేనేమీ అనుకోలేదు.”

అప్పుడు చూశాడాయన, ఖాకీ బట్టల్లో తలవంచుకున్న రాజారావును, అతని చేతిలో తెరవని డబ్బాను.

“ఏమయ్యా? ఏం జరిగింది?”

“మీరే చేసిండ్రు సార్,” అన్నాడు రాజారావు. అరవలేదు. “అందరి ముందట నా పెండ్లాం పేరు తీసిండ్రు. నా నౌకరి పోయింది.”

తెలుగంకె ఎందుకు రాయమన్నారో చిన్నరాములు చెబుతుంటే ముసలాయన అరుగు మీద కూలబడ్డాడు. గుర్తుల సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియనే తెలియదు. చాలాసేపు చేతుల్లోని గొడుగునే చూసుకున్నాడు.

తర్వాత లేచి వెంకటలక్ష్మి దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు గానీ అందరికీ వినబడింది.

“అది నీది కాదని చెప్పమ్మా. చిన్నరాములు ముందరే చెప్పు. వెళ్ళి వకీలు గారికి చెబుతాడు. అబద్ధమైనా చెప్పు. నేను చూసిందేదో నాకు తెలుసు. నాకదే చాలు.”

ఇంత సులువైన దారి ఎవరికైనా దొరుకుతుందా? నిజం చెప్పెయ్యవచ్చు. ఆయన దాన్ని అబద్ధమనుకుని క్షమిస్తాడు. ఆమె ఆ దారిలో అడుగు పెట్టింది.

“అది నాది కాదు,” అంది.

చిన్నరాములు చప్పట్లు కొట్టాడు. “సూసిండ్రా! సారు నేర్పుతుండు, మెంబరమ్మ అప్పజెప్తుంది. ఇంకా బడే అనుకుంటున్నరు.”

“జెర ముందుగాల చెప్పేది ఉండె ఈ మాట,” అన్నాడు రాజారావు. అతనూ నమ్మలేదు. నాగరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వెంకటలక్ష్మి సారు వైపు చూసింది. చూడకుండా ఉండాల్సింది.

పిల్లలు అబద్ధం చెబుతున్నారో నిజం చెబుతున్నారో మొహం చూసి చెప్పగలిగే మనిషి ఆయన. ఆయన కళ్ళలోని తడి అలాగే ఉంది, వెలుగు మాత్రం మెల్లగా పోయింది. ఆ ఇంట్లో ఆమె మాట నమ్మింది ఆయనొక్కడే.

గొడుగు చంకలో పెట్టుకున్నాడు.

“ఆగుండ్రి సార్,” అన్నాడు చిన్నరాములు. ఆ చూపు అతని కంటా పడింది. హాస్యం తగ్గించి ఒక అడుగు ముందుకేశాడు. “మెంబరమ్మ చెప్పింది నిజమే అయితే, మీ కట్టల కాగితం ఇంకెవరిదో ఉండాలె గద. ఓటేసినోళ్ళల్ల మీ కాడ తెలుగు సదివినోళ్ళెవరో మీకే ఎరుక. పేరు చెప్పుండ్రి. వకీల్ సాబ్ చెవిల ఏస్త. అన్న రేపు డ్యూటీకి పోతడు.”

సత్యరాజు మొహం పాలిపోయింది. ఆ పేరు ఆయనకు తెలుసునన్న సంగతి ఆ పాలిపోవడంలోనే తెలిసిపోయింది.

రాజారావు డబ్బా కింద పెట్టాడు. ఎవరి ముందూ మాఫీ రాసివ్వని మనిషి రెండు చేతులూ జోడించాడు.

“మీకు దండం పెడ్త సార్. పేరు చెప్పుండ్రి.”

ముసలాయన రాజారావును చూడలేదు. చిన్నరాములునూ చూడలేదు. వెంకటలక్ష్మి వైపు తిరిగి, బళ్ళో అడిగినంత నెమ్మదిగా అడిగాడు.

“చెప్పమంటావా అమ్మా?”